బావ తెచ్చిన వేప్ అల్లుడి జామెట్రీ బాక్సులో దొరికింది

ఈ వారం ఉత్తరం హనుమకొండ నుంచి వచ్చింది. పేరు, ఆఫీసు వివరాలు వద్దన్నారు. నాలుగు పేజీల ఉత్తరం, కుదించి చెబుతున్నాను.

రాసినాయనకు 33 ఏళ్లు. సొంతూరు కోరుట్ల దగ్గర. అమ్మ ముప్పై ఏళ్లు బీడీలు చేసింది. నాన్న రోజుకు రెండు కట్టలు తాగి, చివరి నాలుగేళ్లు దమ్ముతో మంచం పట్టి పోయారు. ఈయన మొదటి బీడీ ఇంటర్‌లో, అమ్మ చాటలోంచే తీశారు. డిగ్రీలో సిగరెట్లకు మారారు, ఉద్యోగంలో చేరాక రోజుకు పది అయ్యాయి. పెళ్లయ్యాక ఆ వాసన పడక భార్య పక్క గదిలో పడుకునే దాకా వచ్చింది. రెండేళ్ల కిందట దుబాయ్‌లో పనిచేసే బావ లీవు మీద వచ్చి పెన్నంత వేప్, అంటే ద్రవాన్ని ఆవిరి చేసి పీల్చే ఈ-సిగరెట్, ఒకటి చేతిలో పెట్టాడు. "సిగరెట్ బంద్ చెయ్యాల్నంటే ఇది పట్టు. ఆడ మస్తుమంది ఇదే వాడుతున్నరు" అన్నాడు. మామిడిపండు ఫ్లేవర్. నెల తిరిగేసరికి పది సిగరెట్లు రెండయ్యాయి. వాసన పోయింది. భర్త మానేశాడనుకున్న భార్య దసరాకు పుట్టింట్లో అందరికీ చెప్పింది. అత్తగారు మెచ్చుకుని కొత్త బట్టలు పెట్టింది. కాదని చెప్పే ధైర్యం ఆ రోజు రాలేదు, తర్వాతా రాలేదు.

ఇప్పుడు ఆ వేప్ బాత్రూంలో ఉంటుంది, సిగ్నల్ దగ్గర బైక్ మీద ఉంటుంది, రాత్రి రెండింటికి మెలకువ వస్తే దుప్పట్లో ఉంటుంది. బావ తెచ్చినవి అయిపోయాక, మెసేజ్ పెడితే తెచ్చిచ్చే కుర్రాడొకడు దొరికాడు. ఒక్కోటి పదిహేను వందలు, వారం రాదు. ఆఫీసులో కుదరక పెదవి కింద తెల్ల నికోటిన్ పౌచ్, అంటే నికోటిన్ నింపిన చిన్న సంచి, పెట్టుకుంటారు. సాయంత్రం నయీంనగర్‌లో దోస్తులతో టీ దగ్గర నిలబడితే ఆ రెండు సిగరెట్లూ తప్పవు. భార్యకు ఇప్పుడు అయిదో నెల.

అసలు గొడవ ఇక్కడ మొదలైంది. అక్క కొడుకు, అంటే ఆ దుబాయ్ బావ కొడుకే, పదిహేనేళ్లవాడు, టెన్త్ చదవడానికి జూన్ నుంచి వీళ్లింట్లో ఉంటున్నాడు. రెండు వారాల కిందట స్కూటీ సీటు కింద దాచిన వేప్ కనబడలేదు. వెతికితే పిల్లాడి జామెట్రీ బాక్సులో, కోణమానిని కింద దొరికింది. గట్టిగా అడిగితే వాడు తడుముకోలేదు. "గిది పొగ గాదు గదా మామా, ఊకె ఫ్లేవర్. నువ్వు పీల్చేదే గదా" అన్నాడు. ఈయన దాన్ని తీసుకుని జేబులో వేసుకున్నారు. ఎవరికీ చెప్పలేదు. మొన్న వాడు క్రికెట్ బ్యాటుకని అయిదు వందలు అడిగితే మారుమాట లేకుండా ఇచ్చారు.

అడిగినవి ఇవి. అక్కకు చెప్పాలా? చెబితే టెన్త్ మధ్యలో వాణ్ని ఊరికి తీసుకుపోతారేమో. భార్యకు తెలిస్తే ఏమవుతుంది? వేప్ నిజంగా సిగరెట్‌తో సమానమేనా? సమానమైతే మళ్లీ సిగరెట్‌కే పోతే మేలేమో, అదైనా దొంగచాటు సరుకు కాదు కదా?

తమ్ముడూ, మీ నాలుగు పేజీల్లో నేను ఆగిపోయింది ఆ అయిదు వందల నోటు దగ్గర. బ్యాటు సంగతి నిజమే కావచ్చు. అయినా మీరు కాదనలేకపోయారు. ఎందుకో మీకూ తెలుసు, వాడికీ తెలుసు. ఇంట్లో పెద్దవాడికీ పదిహేనేళ్లవాడికీ మధ్య ఒక రహస్యం పుట్టింది, దానికి ధర కూడా కట్టారు. అందుకే మీరు అడిగిన వరుసలో కాకుండా నా వరుసలో జవాబు చెబుతాను.

ముందు మీ అలవాటు. పది సిగరెట్లు రెండు కావడం చిన్న విషయమని నేననను. మండేది ఏదీ లేకపోతే తారు ఉండదు, కార్బన్ మోనాక్సైడ్ ఉండదు. సిగరెట్‌తో పోలిస్తే విషాలు తక్కువే. ఇంగ్లండ్‌లో సిగరెట్ మానాలనుకునే పెద్దవాళ్లకు అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవలే వేప్‌కు మారమని చెబుతాయి. మీ బావ చెప్పిన మాటకు ఆ మాత్రం ఆధారం ఉంది, ఆయన మీకు చెడు చేయాలని తేలేదు. అసలు 2003లో చైనాలో హోన్ లిక్ అనే ఫార్మసిస్టు ఈ పరికరాన్ని తయారు చేసుకున్నది తన సిగరెట్ అలవాటు వదిలించుకోవడానికే.

కానీ ఇంగ్లండ్ వాళ్లు చెప్పే మాటలో రెండో సగం ఉంది: పూర్తిగా మారండి, తర్వాత దాన్నీ వదలండి. మీరు మారలేదు, కలుపుకున్నారు. పొద్దున వేప్, మధ్యాహ్నం పౌచ్, సాయంత్రం సిగరెట్. ఒకప్పుడు నికోటిన్ మీ దగ్గరకు ఒక దారిలో వచ్చేది. ఇప్పుడు మూడు దారుల్లో వస్తోంది.

మీ నాన్నగారు బీడీ తాగడం మీరు దగ్గర నుంచి చూశారు. కాసేపు లాగకపోతే బీడీ ఆరిపోతుంది. మళ్లీ అగ్గిపుల్ల గీయాలి. మాటల్లో పడితే ఆరిన బీడీ చెవి మీద పెట్టుకుని మరచిపోతారు. సిగరెట్ ఆరదు గానీ దానికో చివర ఉంది, అయిదారు నిమిషాల్లో వేళ్లు కాలతాయి. పైగా బయటికి పోవాలి, నిలబడాలి, నోరు కడుక్కోవాలి. ఈ వేప్‌కు ఆరడం లేదు, చివర లేదు, బయటికి పోయే పని లేదు. రాత్రి రెండింటికి దుప్పట్లో రెండు దమ్ములు లాగి మళ్లీ పడుకుంటున్నారంటే, పది సిగరెట్ల రోజుల్లో కూడా మీరు చేయని పని ఇప్పుడు చేస్తున్నారు. అమ్మ వెయ్యి బీడీలు కట్టలు కట్టి లెక్క అప్పజెప్పింది. నిన్న మీరు ఎన్ని దమ్ములు లాగారో చెప్పగలరా?

ఆ కుర్రాడు ఇచ్చే దాని మీద 5% అని ఉందని రాశారు. అంటే ఒక మిల్లీలీటరులో 50 మిల్లీగ్రాముల నికోటిన్. వేప్‌ను అనుమతించిన ఇంగ్లండ్‌లో చట్టం ఒప్పుకునే గరిష్ఠం 20. అంత ఘాటు మామూలుగా అయితే గొంతు పట్టాలి. పట్టకపోవడానికి కారణం నికోటిన్‌ను ఉప్పు రూపంలోకి మార్చి వాడటం, పైన మామిడిపండు రుచి వేయడం. మీరు నెల రోజుల్లో అలవాటు పడ్డారు. మీ అల్లుడి గొంతు కూడా వాణ్ని దగ్గించి ఆపలేదు. మనకు మొదటి బీడీ దగ్గు తెప్పించి భయపెట్టింది. వీళ్లకు ఆ దగ్గు కూడా లేదు. 2016-17లో దేశమంతటా పొగాకు వాడకం మీద చేసిన సర్వేలో ఈ-సిగరెట్ అనే మాట విన్న పెద్దవాళ్లే నూటికి ముగ్గురు. ఇప్పుడు టెన్త్ పిల్లాడికి ఫ్లేవర్ల పేర్లు నోటికొచ్చు.

చట్టం గురించి ఎక్కువ చెప్పను. 2019లో వచ్చిన చట్టం ప్రకారం మన దేశంలో ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రకటన, నిల్వ అన్నీ నేరం. అమ్మకానికీ దిగుమతికీ మొదటిసారి ఏడాది దాకా జైలు లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. జేబులో ఒక్కటి ఉంటే ఏమంటారన్నది లాయర్లు వాదించుకోనివ్వండి. మీకు ముఖ్యమైంది ఏమిటంటే, ఆ కుర్రాడు తెచ్చేదాన్ని పరీక్షించినవాడు ఎవడూ లేడు. లోపల ఏముందో అమ్మేవాడికీ తెలియదు. బావను కూడా ఇక తేవద్దనండి. ఎయిర్‌పోర్టులో పట్టుబడితే బాధ ఆయనకే.

అయితే మళ్లీ సిగరెట్‌కు పోవాలా? వద్దు. దుకాణంలో దొరికినంత మాత్రాన ఊపిరితిత్తులు దాన్ని వేరుగా చూడవు. నాన్నగారు తాగిన బీడీ కూడా చట్టబద్ధమైందే. అయిదో నెల గర్భిణి ఉన్న ఇంట్లో రోజుకు పది సిగరెట్లు మళ్లీ మొదలుపెట్టడం కంటే ఇప్పుడున్న స్థితే నయం. అలాగని ఇక్కడే ఉండిపొమ్మనీ కాదు. ఇంకో నాలుగు నెలల్లో పసిబిడ్డ వస్తుంది, ఆ తర్వాత కొన్నాళ్లకు పాకుతుంది. వేప్‌లోని ద్రవం కొద్దిగా నోట్లోకి పోయినా పసిపిల్లలకు ప్రాణం మీదికి వస్తుంది. స్కూటీ సీటు కింద పెట్టింది జామెట్రీ బాక్సులోకి చేరినట్టే, పౌచ్ డబ్బా చాప మీదికి చేరడానికి ఎంతసేపు?

మానడానికి మీ ముందు రెండు మూడు దారులున్నాయి. ఒకటి, తేదీ పెట్టుకుని మూడూ ఒకేసారి ఆపేసి నికోటిన్ గమ్ పట్టుకోవడం. మొదటి మూడు రోజులు చాలా కష్టం. చిరాకు, నిద్ర పట్టకపోవడం, ఆఫీసులో ఎవరు పలకరించినా కోపం. రెండు నుంచి నాలుగు వారాల్లో ఆ బాధ దిగుతుంది. రెండోది, ముందు సిగరెట్లూ పౌచ్ ఆపి, తర్వాత వేప్ తగ్గించుకుంటూ పోవడం. వినడానికి సులువుగా ఉంటుంది. కానీ లెక్కలేని వస్తువును తగ్గించడం ఎలా? సిగరెట్లు పది నుంచి తొమ్మిది చేయొచ్చు, దమ్ములను ఎవరు లెక్కపెడతారు? అందుకే మీ విషయంలో నా మొగ్గు మొదటి దారికే. మూడోది డాక్టరు దగ్గరకు పోవడం. ఎంజీఎం ప్రభుత్వాసుపత్రిలోనైనా ప్రైవేటులోనైనా ఊపిరితిత్తుల డాక్టరునో సైకియాట్రిస్టునో కలిస్తే యావ తగ్గించే మాత్రలు రాస్తారు. రాత్రి లేచి మరీ పీలుస్తున్నారు కాబట్టి మీకు ఇది అవసరమే అనిపిస్తోంది. 2 మిల్లీగ్రాముల గమ్ మెడికల్ షాపులో చీటీ లేకుండా ఇస్తారు. మీకు 4 అవసరం కావచ్చు, దానికి చీటీ కావాలి.

గమ్ సంగతి సొంత అనుభవంతో చెబుతున్నాను. మొదటి రోజు మామూలు చూయింగ్ గమ్‌లా పరపరా నమిలి, వెక్కిళ్లు తెచ్చుకుని, ఇది పనికిరాదని పారేశాను. దాన్ని నమిలే తీరు వేరు. నాలుగైదుసార్లు మెల్లగా నమలాలి. నాలుక చిమచిమలాడగానే ఆపి, చిగురుకూ బుగ్గకూ మధ్య పెట్టి ఊరుకోవాలి. చిమచిమ తగ్గాక మళ్లీ నమిలి ఇంకో పక్కన పెట్టాలి. అలా అరగంట. వేసుకునే ముందు పావుగంట, నోట్లో ఉన్నంతసేపూ టీ, కాఫీ, కూల్‌డ్రింకు తాగకూడదు, తాగితే నికోటిన్ ఒంటికి పట్టదు. మీకు అసలు చిక్కు ఇక్కడే, ఎందుకంటే మీ సిగరెట్ టీ గ్లాసుకు కట్టేసి ఉంది. నెల రోజులు ఆ టీ బండి దగ్గరకు పోకండి. దోస్తులు ఏమంటారో అననివ్వండి. కావాలంటే వాళ్లనే వడ్డేపల్లి చెరువు కట్ట మీదికి వాకింగ్‌కు రమ్మనండి. ఒకడు వచ్చినా చాలు, ఎవరూ రాకపోతే వాళ్ల సంగతి మీకు తెలుస్తుంది.

ప్రభుత్వం నడిపే ఉచిత నంబరు 1800-11-2356. 2018 సెప్టెంబరు నుంచి ప్రతి సిగరెట్ పెట్టె మీదా బొమ్మతో పాటు ఈ నంబరు అచ్చేస్తున్నారు. ఇన్నేళ్లలో మీకు కనబడి ఉండదు, మీరు రెండేసి విడిగా కొంటారు కదా. ఫోన్ చేస్తే మందలించరు. తేదీ ఎప్పుడు పెట్టుకున్నారు, యావ ఏ వేళలో వస్తోంది అని అడిగి, మళ్లీ వాళ్లే చేస్తారు.

ఇప్పుడు పిల్లాడు. ఏమీ చెప్పకుండా ఊరుకోవడం ఒక దారి. దాని ఫలితం ఇప్పటికే చూశారు, అయిదు వందలు పోయాయి. వచ్చే నెల ఎంత అడుగుతాడో తెలియదు. అంతకన్నా ముఖ్యం, ఆ వయసు మెదడు ఇంకా తయారవుతూ ఉంటుంది, నికోటిన్‌కు పెద్దవాళ్ల కంటే త్వరగా అలవాటు పడుతుంది. చదివింది తలలో నిలవాల్సిన ఏడాది ఇది. రెండో దారి, వేప్ వాడిదే అన్నట్టు అక్కకు చెప్పి మీ పేరు దాచుకోవడం. ఇలా చేస్తే వాడు మూడు నిమిషాల్లో మీ పేరు చెబుతాడు, చెప్పాలి కూడా. అప్పుడు అక్క దగ్గర, భార్య దగ్గర, పిల్లాడి దగ్గర ఒకేసారి పరువు పోతుంది.

మూడోది కష్టమైనా నాకు కుదురుగా అనిపిస్తున్నది: ముందు భార్యకు, తర్వాత పిల్లాడికి, ఆ తర్వాత అక్కాబావలకు. ఈ వరుస మార్చకండి. ఎవరి నోటి నుంచో విన్న రోజు మీ భార్యకు బాధ కలిగించేది వేప్ కాదు, పుట్టింట్లో తన చేత అబద్ధం చెప్పించారన్న మాట. కోప్పడుతుంది. కొన్ని రోజులు మాట్లాడకపోవచ్చు, అమ్మ వాళ్లింటికి పోతానని అనొచ్చు. అయిదో నెలలో ఆమెను కంగారు పెట్టడం ఎందుకని మీరు అనుకుంటున్నారు. అది ఆమె మీద జాలా, మీ మీద మీకున్న జాలా, కాస్త ఆలోచించండి. ఇంకో మాట. రెండేళ్లుగా బాత్రూంలో మామిడిపండు వాసన ఎక్కడిదో ఆమెకు తెలియదని మీరు అంత గట్టిగా ఎలా నమ్ముతున్నారు?

పిల్లాడితో మాట్లాడేటప్పుడు కూర్చోబెట్టి క్లాసు పీకకండి. బండి మీద ఎటైనా తీసుకుపోండి, ఎదురెదురుగా కూర్చున్నప్పటి కంటే పక్కపక్కన ఉన్నప్పుడు మగపిల్లలు ఎక్కువ మాట్లాడతారు. "నువ్వన్నది నిజమే, నేను పీల్చేదే. రెండేళ్ల నుంచి వదలలేకపోతున్నా. ఈ తారీకు నుంచి మానుతున్నా, మీ అత్తకు చెప్పిన" అనండి. దాంతో ఆ రహస్యానికి ధర లేకుండా పోతుంది. ఆ తర్వాతే అడగండి: ఎన్నిసార్లు పీల్చాడు, స్కూల్లో ఇంకెవరి దగ్గర ఉంది, పొద్దున లేవగానే కావాలనిపిస్తోందా? రెండు మూడుసార్లు సరదాకు లాగి ఉంటే మందలింపుతో, మీరు మానడం కళ్లారా చూడటంతో ఆగిపోవచ్చు. రోజూ కావాలనిపిస్తోందంటే మాత్రం డాక్టరుకు చూపించాలి. మీ గమ్ వాడికి పెట్టకండి. బయట ఎవరి దగ్గరో కొంటున్నాడని తేలితే ఆ పేరు మీ మనసులో పెట్టుకుని, అప్పుడు స్కూలు వాళ్లతో మాట్లాడాలా వద్దా అని అక్కతో కలిసి నిర్ణయించుకోండి. మీరొక్కరే పోయి చెబితే వాడికి టీసీ ఇచ్చి పంపే ప్రమాదం ఉంది, కొన్ని స్కూళ్లకు తెలిసిన వైద్యం అదొక్కటే.

అక్క వాణ్ని ఊరికి తీసుకుపోతానంటే అది ఆమె హక్కు. నా మట్టుకు నేను మార్చి పరీక్షలయ్యే దాకా ఇక్కడే ఉంచమని అడుగుతాను. అక్కడికి పోతే మామ వల్ల చెడ్డాడన్న మాట ఊరంతా పాకుతుంది, వాడు మాత్రం ఒంటరిగా మిగిలిపోతాడు. కానీ మీరు నిజంగా మానేస్తేనే అలా అడిగే అర్హత మీకుంటుంది. తేదీ పెట్టుకోకుండా అడగకండి.

అమ్మ గురించి ఉత్తరం చివర రెండు వాక్యాలు రాసి కొట్టేశారు, కొట్టేసినా చదవగలిగాను. "ఆమె చేసిన బీడీలతోనే నాన్న పోయాడు, ఆమె చేసిన బీడీలతోనే నేను చదివాను." ఆ లెక్క మీరు తేల్చలేరు, తేల్చే అవసరమూ లేదు. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల వైపు ఎన్నో ఇళ్లలో ఫీజులు కట్టింది ఆ చాటే. అమ్మకు ఇవన్నీ చెప్పాల్సిన పని లేదు. మానేశాక పోయి ఆమె పక్కన కూర్చోండి.

చేతిలో ఉన్న వేప్‌ను చెత్తబండిలో వేయకండి. లోపల లిథియం బ్యాటరీ ఉంటుంది, నలిగితే అంటుకుంటుంది. పాత ఫోన్లు తీసుకునే ఈ-వేస్ట్ వాళ్లకు ఇవ్వండి. ఆ కుర్రాడి నంబరు తీసేయండి, మెసేజ్‌లు కూడా.

బావకు ఫోన్ ఆదివారం చేయండి. మన దగ్గర రాత్రి తొమ్మిదంటే అక్కడ ఏడున్నర, రూములోనే ఉంటాడు. అక్కను కూడా లైన్లోకి తీసుకోండి. "నువ్విచ్చిన దాని వల్ల" అని మొదలుపెట్టకండి, ఆయన అక్కడ ఒక్కడే ఉన్నాడు, కొడుకు సంగతి వినగానే ఆ రాత్రి నిద్రపోడు. "నేను దాచిన దాని వల్ల" అని మొదలుపెట్టండి. ఆయన కూడా అదే పీలుస్తున్నాడు కాబట్టి, మీరు పెట్టుకున్న తారీకు ఏదో ఆయనకూ చెప్పండి.